ఆర్.ఆర్.కి (సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌కి) ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీ ఏది కొనాలి? అన్నీ ఒకే హాల్లో వాయించినట్టు ఎలా వినిపించాలి?

బెజవాడ_కీస్:

అందరికీ నమస్తే. ఫ్రెండ్ తీస్తున్న షార్ట్ ఫిల్మ్‌కి ఆర్.ఆర్. చేస్తున్నాను. సినిమా అంతా పియానో, ప్యాడ్స్‌తో గడిచిపోతుంది గానీ క్లైమాక్స్‌లో మాత్రం ఆర్కెస్ట్రా మోగాల్సిందేనని డైరెక్టర్ పట్టు. లైవ్ స్ట్రింగ్స్ పిలిపించే బడ్జెట్ ఎలాగూ లేదు కాబట్టి అన్నీ శాంపిల్సే (ముందే రికార్డ్ చేసిపెట్టిన స్వరాలు, కీబోర్డ్‌తో వాయించేవి).

నా దగ్గరున్నవి ఇవీ. స్ట్రింగ్స్ చిన్న స్టూడియోలో బాగా డ్రైగా (గది ప్రతిధ్వని లేకుండా) రికార్డ్ చేసిన లైబ్రరీ, బ్రాస్ (హార్న్స్ లాంటివి) వచ్చేసి సినీబ్రాస్ అనే లైబ్రరీ, ఉడ్‌విండ్స్ ఉచితంగా దొరికే వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్. దేనికది సోలోలో వింటే అబ్బ అనిపిస్తుంది. కలిపితే మాత్రం వయొలిన్లు చెవి పక్కనే ఉన్నాయి, హార్న్స్ కల్యాణమండపం అవతలి గుమ్మం దగ్గర్నుంచి వస్తున్నట్టున్నాయి, ఫ్లూట్ అయితే అసలు ఏ గదిలోనూ లేదు. పోనీలే అని మాస్టర్ మీద, అంటే మొత్తం మిక్స్ మీద, పెద్ద హాల్ రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఒకటి వేశాను. అన్నీ కలిసిన మాట నిజమే కానీ హార్న్స్ ఇంకా వెనక్కి పోయాయి, కింద చెలోలు, బేస్‌లు మొత్తం బురద.

బడ్జెట్ 25 వేలు, మహా అయితే 30. ల్యాప్‌టాప్ 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సగం నిండిపోయింది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ వాడతాను, స్పీకర్లు లేవు, హెడ్‌ఫోన్సే. ఈ డబ్బుతో కొత్త లైబ్రరీ కొనాలా, మంచి రివర్బ్ కొనాలా? ఇంకో చిక్కు కూడా ఉంది. క్లైమాక్స్ మెలొడీ శుభపంతువరాళి రాగంలో పెట్టాను, సోలో వయొలిన్ మీద గమకాలు అస్సలు పలకడం లేదు. దానికేమైనా దారి ఉందా?


శ్రుతిలయ:

తమ్ముడూ, రివర్బ్ సంగతి కాసేపు పక్కన పెట్టు. నువ్వు మూడు లైబ్రరీలు కలపట్లేదు, మూడు గదులు కలుపుతున్నావు. శాంపిల్‌లోకి ఒకసారి ఎక్కిన గదిని మళ్లీ బయటికి లాగడం దాదాపు అసాధ్యం. రివర్బ్ తీసేసే ప్లగిన్లు ఉన్నాయి గానీ అవి టోన్‌ని కూడా నమిలేస్తాయి. పైన ఇంకో గది వేయగలం, అంతే. కాబట్టి కొనేముందు ఆ లైబ్రరీ ఎక్కడ రికార్డ్ చేశారో చూడు, ఎన్ని ఆర్టిక్యులేషన్లు (వాయించే పద్ధతులు) ఇచ్చారన్నది తర్వాత.

స్పిట్‌ఫైర్ వాళ్ల సింఫనిక్ సిరీస్ అంతా లండన్ హ్యాంప్‌స్టెడ్‌లోని లిండ్‌హర్స్ట్ హాల్‌లో తీశారు. అది ఒకప్పుడు చర్చి, 1992లో జార్జ్ మార్టిన్ వాళ్లు ఎయిర్ స్టూడియోస్‌గా తెరిచారు. పొడవాటి టెయిల్ (స్వరం ఆగాక హాల్లో మిగిలే మోత), అందంగా ఉంటుంది, కానీ వదలదు. వాళ్లదే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా మాత్రం మైడా వేల్ స్టూడియోలో చేశారు (ఆ భవనం మొదట రోలర్ స్కేటింగ్ రింక్ అట, నమ్ముతావా), అక్కడ టెయిల్ అంత పొడుగు కాదు. ఆర్కెస్ట్రల్ టూల్స్ బెర్లిన్ సిరీస్ బెర్లిన్‌లోని టెల్‌డెక్స్‌లో. సినిమాటిక్ స్టూడియో వాళ్లది సిడ్నీలో. నీ సినీబ్రాస్ లాస్ ఏంజెలెస్ దగ్గర కల్వర్ సిటీలో, సోనీ స్కోరింగ్ స్టేజ్‌లో. వియన్నా వాళ్లయితే మొదట్లో సైలెంట్ స్టేజ్ అని కావాలనే గది లేకుండా రికార్డ్ చేశారు, తర్వాత సింక్రాన్ స్టేజ్ అని పెద్ద హాలు తీసుకుని మొత్తం మళ్లీ మొదలుపెట్టారు. ఒకే కంపెనీ అయినా ఆ రెండూ కలవవు, ఇది తెలియక కొనేవాళ్లు చాలామంది.

నీ దగ్గరున్నవాటికి ఒక పరీక్ష పెట్టు. ప్రతి లైబ్రరీలో ఒకే స్వరం, స్టకాటో (పొట్టిగా తెంపి), గట్టిగా ఒక్కసారి కొట్టి వదిలెయ్. రివర్బ్‌లన్నీ ఆఫ్‌లో ఉండాలి. ఆడియోగా రెండర్ చేసి ఒకదాని కింద ఒకటి పెట్టి వేవ్‌ఫామ్ దగ్గరగా చూడు. స్ట్రింగ్స్ దబ్బున ఆగిపోతాయి. హార్న్ దెబ్బ తగిలిన కాసేపటికి గోడల నుంచి చిన్న చిన్న గుట్టలుగా తిరిగొస్తుంది, ఆ తర్వాత మెల్లగా వాలుతుంది. ఆ వాలు ఎంతసేపుందో అదే నీ టార్గెట్. మిగతా రెండింటినీ అక్కడికి తీసుకెళ్లాలి, హార్న్‌ని కదిలించకూడదు. నువ్వు మాస్టర్ మీద వేసిన రివర్బ్ ముగ్గురినీ సమానంగా వెనక్కి నెట్టింది, అందుకే ముందే వెనక ఉన్న హార్న్స్ ఊరు దాటిపోయాయి.

డబ్బు సంగతికొస్తే ముందు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ దించుకో, ఉచితమే, కొన్ని వందల ఎంబీలు మాత్రమే. మొత్తం ఆర్కెస్ట్రా ఒకే హాల్లో, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని వాయించింది. క్యూ (ఆ సీన్ మ్యూజిక్) అంతా దాంట్లో ఒకసారి రాసి చూడు. డైనమిక్ లేయర్లు (మెల్లగా, గట్టిగా వాయించిన విడి రికార్డింగులు) తక్కువ కాబట్టి సోలో గీతలు పేలవంగా ఉంటాయి, కానీ అందరూ ఒకే గదిలో ఉంటే ఎలా వినిపిస్తుందో చెవికి పడుతుంది. నచ్చితే సేల్‌లో దాని పై వెర్షన్ కోర్ తీసుకో. అందులో ఒకే మిక్స్ ఉంటుంది, మైకులు మార్చే వీలు లేదు. అన్నిటికంటే పెద్ద వెర్షన్ ప్రొఫెషనల్‌లో మైకులు బోలెడు, కానీ 600 జీబీ దాకా పోతుంది, నీ ల్యాప్‌టాప్ వల్ల కాదు. లేదంటే ఆర్కెస్ట్రల్ టూల్స్ సైన్ ప్లేయర్‌లో వాయిద్యం వాయిద్యంగా కొనుక్కోవచ్చు, కావలసిన మైక్ ఒక్కటే దించుకోవచ్చు. చోటు తక్కువున్నవాళ్లకి అది పెద్ద వరం.


పాతటేపు:

పైన శ్రుతిలయ అన్న ఆర్కెస్ట్రా మోజులో చెప్పాడు. సినిమాకి చేస్తున్నావు కదా, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

క్లైమాక్స్‌లో డైలాగులు ఉన్నాయా? ఉంటే పెద్ద హాల్ లైబ్రరీ జోలికి పోకు. మాట స్పష్టంగా అర్థమయ్యేది ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలోనే. హార్న్స్ గట్టిగా ఊదినా, వయొలిన్లు మధ్య స్థాయిలో ఉన్నా వాటి కాంతి అంతా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. నోట్ ఆగిపోయినా హాలు రెండు సెకన్లు మోగుతూనే ఉంటే మిక్సింగ్‌లో కూర్చున్నవాడు ఏం చేస్తాడు? ఫేడర్ దించేస్తాడు. నువ్వు నెలంతా కష్టపడ్డ ఆర్కెస్ట్రా థియేటర్‌లో ఎక్కడో గుసగుసగా వినిపిస్తుంది. సీన్ హఠాత్తుగా కట్ అయినప్పుడు ఇంకా ఘోరం. తెర మీద నిశ్శబ్దమైన గది, కింద మన హాల్ టెయిల్ వేలాడుతూ ఉంటుంది. శాంపిల్‌లోనే ఉన్న టెయిల్‌ని ఎవరు కోస్తారు?

నా మట్టుకు నేను డ్రై లైబ్రరీకే ఓటేస్తాను. గది ఎంత కావాలో నేనే వేసుకుంటాను. మిక్స్‌కి ఇచ్చేటప్పుడు స్ట్రింగ్స్ ఒక స్టెమ్ (విడి ఆడియో ఫైల్), బ్రాస్ ఒకటి, ఉడ్‌విండ్స్ ఒకటి, పర్కషన్ ఒకటి, రివర్బ్ రిటర్న్ (రివర్బ్ శబ్దం ఒక్కటే) విడిగా ఇంకొకటి ఇస్తాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. డైలాగ్ వచ్చినచోట ఆ రివర్బ్ స్టెమ్ ఒక్కటే దించుకుంటారు, వాయిద్యాలు అలాగే నిలబడతాయి.

నీ దగ్గరున్న స్ట్రింగ్స్ డ్రైగా ఉన్నాయని ఏడవకు. ఉన్నవాటిలో అదే మంచి సరుకు.


డల్లాస్_చెలో:

ఇద్దరూ చెప్పింది బాగుంది. నేను ఇక్కడ ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో చెలో వాయిస్తాను, ప్రొఫెషనల్‌ని కాదు, కాబట్టి ప్లగిన్ల గురించి వాళ్లకున్నంత తెలియదు. కానీ బెజవాడ గారూ, మీరు గది గురించి అడుగుతున్నారు గానీ నాకు మీ సమస్య సగం వాయింపు దగ్గరే ఉందేమో అనిపిస్తోంది. మిడీలో (కీబోర్డ్ నుంచి రికార్డైన నోట్ల డేటాలో) మూడు విషయాలు చూడండి.

16 మంది ఫస్ట్ వయొలిన్ల ప్యాచ్ మీద మూడు వేళ్లతో కార్డ్ పట్టారా? పట్టి ఉంటే అక్కడ 48 మంది ఫస్ట్ వయొలిన్లు వాయిస్తున్నారు. ఏ హాల్లోనూ అంతమంది ఉండరు, అందుకే అది కీబోర్డ్ ప్యాడ్‌లా ఉంటుంది, ఎంత ఖరీదైన రివర్బ్ వేసినా ప్యాడ్‌లాగే ఉంటుంది. కార్డ్‌ని విడగొట్టి పై స్వరం ఫస్ట్ వయొలిన్లకి, దాని కింద సెకండ్స్‌కి, తర్వాత వయోలాలకి, చెలోలకి ఇవ్వండి. ఒక్కో లైన్ విడిగా పాడితే పాటలా ఉండాలి. బురద అన్నారు చూశారా, చెలోలు, బేస్‌లు దగ్గర దగ్గర స్వరాల్లో కిందకి కుక్కేసి ఉంటారు. బేస్ చెలో కంటే ఒక స్థాయి కింద అదే స్వరం పట్టుకుంటే చాలు, మధ్యలో ఖాళీ ఉంచండి.

రెండోది మాడ్‌వీల్, కీబోర్డ్ పక్కనుండే చక్రం. చాలా లైబ్రరీల్లో సీసీ 1 (మాడ్‌వీల్ పంపే మిడీ కంట్రోల్) కదిలిస్తే మెల్లగా వాయించిన శాంపిల్ నుంచి గట్టిగా వాయించిన శాంపిల్‌కి మారుతుంది, అంటే టోన్ మారుతుంది. సీసీ 11 వాల్యూమ్ మాత్రమే మారుస్తుంది. కొందరు సీసీ 1ని మధ్యలో వదిలేసి 11తోనే పెంచడం, దించడం చేస్తారు. నిజంగా వాయించేటప్పుడు మేం మెల్లగా వాయిస్తే శబ్దం తగ్గడమే కాదు, తీగ మీద బో బరువు తగ్గి మెరుపు కూడా తగ్గుతుంది. ఆ మెరుపు మారకుండా చప్పుడు ఒక్కటే మారితే ఎవరో రేడియో నాబ్ తిప్పుతున్నారని చెవికి తెలిసిపోతుంది.

మూడోది లెగాటో (స్వరాలు తెగకుండా కలిపి వాయించడం) ఆలస్యం. శాంపిల్‌లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ముక్క ఉంటుంది కాబట్టి మీరు కీ నొక్కిన క్షణానికి కొత్త స్వరం రాదు. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్‌లో నెమ్మది లెగాటో అయితే 333 మిల్లీసెకన్లు, వేగంగా వాయించేది 100. మీ లైబ్రరీకి కూడా ఇలాంటి లెక్క ఏదో ఉంటుంది, మాన్యువల్ చూడండి. నోట్లని ఆ మేరకు ముందుకు జరపకపోతే స్ట్రింగ్స్ ఎప్పుడూ బ్రాస్ వెనక ఈడుస్తూ ఉంటాయి, మనం దాన్ని కూడా గది తప్పు అనుకుంటాం.


బెజవాడ_కీస్:

48 మంది సంగతి చదివి నవ్వొచ్చింది, మూడు కాదు, నాలుగు వేళ్లు పెట్టాను మరి. డైలాగులు క్లైమాక్స్ మొదటి సగంలో ఉన్నాయి, రెండో సగం మాటల్లేవు, మ్యూజిక్కే.

సరే, ఈ సినిమాకి కొత్తవేమీ కొనకుండా ఉన్నవాటితోనే నెట్టుకొద్దామనుకుంటున్నా. శ్రుతిలయ అన్నా, డ్రై స్ట్రింగ్స్‌ని, ఆ ఫ్లూట్‌ని నా సినీబ్రాస్ గదిలోకి తీసుకెళ్లడమెలాగో కాస్త వివరంగా చెప్తావా? ఏది ముందు, ఏది తర్వాత? ఎడమ కుడి పాన్ కూడా చెప్పు.


శ్రుతిలయ:

మొదట పాన్. సినీబ్రాస్‌ని ముట్టుకోకు, వాళ్లు కూర్చున్న చోటే రికార్డ్ అయ్యారు. రీపర్‌లో మామూలు పాన్ అంటే స్టీరియో బ్యాలెన్స్, ఒక పక్కకి తిప్పితే రెండో ఛానెల్ తగ్గుతుంది అంతే. అంటే హార్న్‌తో పాటు హాలులో సగం గోడలు కూడా పోతాయి. డ్రై ట్రాకులకి మాత్రం పాన్ మోడ్ స్టీరియో పాన్‌కి మార్చి, ముందు వెడల్పు తగ్గించి, తర్వాత చోటు ఇవ్వు. ఫస్ట్ వయొలిన్లు ఎడమ, సెకండ్స్ వాటి పక్కన కాస్త లోపలికి, వయోలాలు నడిమి నుంచి కుడికి, చెలోలు కుడి, బేస్‌లు వాటి వెనక. ఫ్లూట్ దాదాపు మధ్యలో, కొంచెం ఎడమకి.

తర్వాత రెండు సెండ్లు పెట్టు, అంటే ట్రాకుల నుంచి కొంత శబ్దం వేరే ట్రాక్‌కి (బస్‌కి) పంపి అక్కడ ఎఫెక్ట్ వెయ్. ఒకటి గోడల నుంచి వచ్చే తొలి ప్రతిధ్వనులకి, రెండోది టెయిల్‌కి. ఈ రెండూ ఒకే రివర్బ్‌తో చేసేస్తే నీకు పట్టు ఉండదు. యార్క్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌ఎయిర్‌లో నిజమైన హాళ్ల ఇంపల్స్ రెస్పాన్స్‌లు (హాలు ఎలా మోగుతుందో రికార్డ్ చేసిన ఫైల్స్) ఉచితంగా దొరుకుతాయి. కాన్సర్ట్ హాల్ లాంటిదొకటి తీసుకుని ఆ వేవ్ ఫైల్‌ని రీపర్‌లో తెరిచి మొదటి 80 మిల్లీసెకన్లు ఉంచి మిగతాది కోసెయ్, చివర చిన్న ఫేడ్ ఇవ్వు, మొదట్లో ఉండే డైరెక్ట్ సౌండ్ ముల్లు కూడా తీసెయ్. దాన్ని రీపర్‌తో వచ్చే రీవర్బ్ (ReaVerb) ప్లగిన్‌లో వేస్తే తొలి ప్రతిధ్వనుల బస్ తయారైనట్టే. స్ట్రింగ్స్, ఫ్లూట్ దాంట్లోకి బాగా పంపు, డ్రై సిగ్నల్ కొంచెం తగ్గించు. ఈ దశలో టెయిల్ లేకుండానే అవి వెనక్కి వెళ్లి ఒక చెక్క నేల మీద కూర్చున్నట్టు అనిపించాలి. అనిపించకపోతే టెయిల్ వేసినా లాభం లేదు.

టెయిల్‌కి వల్హల్లా రూమ్ లాంటిది చాలు, 50 డాలర్లే, నీ బడ్జెట్‌లో మిగిలిందంతా మిగులే. పొడవు ఇందాక స్టకాటో పరీక్షలో చూసిన హార్న్ వాలుకి సరిపెట్టు. రిటర్న్ మీద 250 హెర్ట్జ్ కింద కోసెయ్, నీ బురద సగం అక్కడే పోతుంది. పైన 7, 8 కిలోహెర్ట్జ్ నుంచి మెల్లగా దించు. స్ట్రింగ్స్ బాగా పంపు, బ్రాస్ ఏదో పలకరించినట్టు కొంచెం, అస్సలు పంపకపోతే చివర్లో అందరూ ఒకేసారి ఆగినప్పుడు బ్రాస్ టెయిల్ వేరే రంగులో బయటపడుతుంది.


పాతటేపు:

ప్రీ-డిలే (అసలు శబ్దానికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య సందు) మర్చిపోయావన్నా. అందరూ తిరగేసి పెట్టేది అదే.

వెనక ఉన్న వాయిద్యానికి ఎక్కువ ప్రీ-డిలే పెడతారు, దూరం కదా అని. పెట్టకూడదు. ముందు వరసలో ఉన్న వయొలిన్ శబ్దం నేరుగా వచ్చేస్తుంది, గోడకి తగిలి వచ్చేది చాలా ఆలస్యంగా వస్తుంది, ఆ రెండింటి మధ్య సందు పెద్దది. వెనక గోడకి ఆనుకుని ఉన్నవాడి శబ్దమూ, ఆ గోడ ప్రతిధ్వనీ దాదాపు కలిసే వస్తాయి. కాబట్టి ముందువాళ్లకి 25, 30 మిల్లీసెకన్ల ప్రీ-డిలే, వెనకవాళ్లకి ఐదో పదో, సున్నా అయినా పర్లేదు. దూరం చెప్పాలంటే డ్రై ట్రాక్‌నే వెనక్కి జరుపు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు, అంటే మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. వయొలిన్ల కంటే ఫ్లూట్ మూడు మీటర్లు వెనక కూర్చుందనుకుంటే 9 మిల్లీసెకన్లు. సినీబ్రాస్‌లో రూమ్ మైక్ (దూరంగా పెట్టిన మైక్) వాడుతుంటే ఆ ఆలస్యం దాంట్లో ఆల్రెడీ ఉంది. క్లోజ్ మైక్ (వాయిద్యం దగ్గరున్నది) ఒక్కటే సోలో పెట్టి రెండర్ చేసి, రూమ్ మైక్ పక్కన పెట్టి చూడు, దెబ్బ ఎంత వెనక పడిందో కంటికే కనిపిస్తుంది. ఆ తేడాని గదికి తగ్గట్టు మీటర్లలోకి మార్చుకుంటే హార్న్ ఎక్కడ కూర్చుందో తెలిసిపోతుంది.

డైలాగులున్న మొదటి సగంలో రూమ్ మైక్ తగ్గించి క్లోజ్ పెంచు. రెండో సగంలో మళ్లీ తెరువు. ఆటోమేషన్ గీసుకో, ఒక్కసారిగా కాకుండా నాలుగైదు బార్ల మీద.

హెడ్‌ఫోన్స్‌లో రివర్బ్ మరీ స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి కొందరు భయపడి తక్కువ వేస్తారు. డైరెక్టర్ ఇంట్లో టీవీ ఉంటే దానిమీద ఒకసారి విను.


డల్లాస్_చెలో:

గమకాల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేనే ప్రయత్నిస్తాను. మా అమ్మ కర్ణాటక వయొలిన్ నేర్పేవారు, ఆ చెవితో చెబుతున్నాను.

పాశ్చాత్య లైబ్రరీల్లో లెగాటో అంటే ఒక స్వరస్థానం నుంచి ఇంకో స్వరస్థానానికి వెళ్లిన జారుడు. రెండు స్థానాల మధ్యలో ఊగి నిలబడే స్వరం అందులో లేదు. శుభపంతువరాళిలో గాంధారాన్ని ఊపకుండా కీబోర్డ్ స్థానంలో పెట్టేస్తే అది ఏదో మైనర్ స్కేల్‌లా ఉంటుంది. పిచ్ బెండ్‌తో (స్వరాన్ని పైకీ కిందకీ జరిపే చక్రంతో) ఊపుదామంటే ఇంకో సమస్య. హాల్లో రికార్డ్ చేసిన శాంపిల్‌ని మీరు బెండ్ చేస్తే తీగతో పాటు అందులో ఉన్న గది ప్రతిధ్వని కూడా ఊగుతుంది. నిజంగా హాలు ఊగదు కదా, పాత స్వరం గోడల మీద మోగుతూ ఉండగా కొత్తది దాని మీద నుంచి జారాలి. అందుకే వెట్ (గది ప్రతిధ్వని కలిసిన) శాంపిల్‌లో బెండ్ ఎంత జాగ్రత్తగా గీసినా టేప్ సాగినట్టు ఉంటుంది. సోలోకి మాత్రం డ్రై సోర్స్ తప్పదు. బెండ్ ముందు, గది తర్వాత. స్వామ్ వయొలిన్ లాంటివి శాంపిల్స్ కావు, తీగని లెక్కకట్టి పుట్టిస్తాయి కాబట్టి బెండ్‌కి బాగా లొంగుతాయి, కానీ బో, వైబ్రాటో అన్నీ మీరే కంట్రోలర్‌తో నడపాలి, ఒక రోజులో చేతికి రాదు.

మీరు బెజవాడలో ఉన్నారు కదండీ, ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఉంటారు. ఒకరిని అడిగి ఆ సోలో గీత ఒక్కటి వాయించుకోండి, తృణమో పణమో ఇవ్వండి. ఫ్యాన్, ఏసీ ఆపేసి, గదిలో బొంతలు, పరుపులు నిలబెట్టి, మైక్‌ని వయొలిన్‌కి మూడడుగుల పైన, కొంచెం వంచి పెట్టండి. మరీ దగ్గరైతే బో గీరుడు ఎక్కువ వస్తుంది. వచ్చిన ట్రాక్‌ని శ్రుతిలయ గారు చెప్పిన అవే రెండు బస్సుల్లోకి పంపండి, వేరే రివర్బ్ వేయకండి. కుదిరితే ఆ అమ్మాయితోనో అబ్బాయితోనో ఫస్ట్ వయొలిన్ల లైన్ కూడా ఒకసారి వాయించుకుని శాంపిల్ సెక్షన్ కింద చాలా తక్కువగా కలపండి. వాయించేవాళ్లకి ముందే చెప్పండి, శాంపిల్స్‌లో A స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన శ్రుతి పెట్టుకునేటప్పుడు ఆ పిచ్‌కే కట్టుకోవాలి, లేకపోతే టేక్ ఎంత బాగున్నా మొత్తం పక్కన పడేయాల్సి వస్తుంది.


బెజవాడ_కీస్:

డల్లాస్ గారూ, మా వీధిలోనే అక్కడ డిప్లొమా చదివే అమ్మాయి ఉంది, రేపు వెళ్లి వాళ్ల నాన్నగారిని అడుగుతాను. స్టకాటో పరీక్ష ఇప్పుడే చేశాను, హార్న్ ఒకటిన్నర సెకను దాకా వాలుతోంది, స్ట్రింగ్స్ పావు సెకనులో ఖాళీ. ఓపెన్‌ఎయిర్ ఫైల్స్ దించుతున్నా, ఏ హాలు బాగా కలిసిందో రాస్తాను. పాతటేపు అన్నా, స్టెమ్స్ ఇచ్చేటప్పుడు లైవ్ వయొలిన్‌ని స్ట్రింగ్స్‌లో కలిపేయాలా, విడిగా ఇవ్వాలా?


పాతటేపు:

విడిగా. గదితో ఒకటి, గది లేకుండా ఒకటి.